డబ్బా మీద అంకె దాటితే... పూచీ మీదే!

చవక సిగ్నల్‌ జనరేటర్‌ను దాని హద్దు వరకు, ఆపై కూడా పరీక్షించి చూడటం ఆర్‌ఎఫ్‌ ఇంజినీరింగ్‌లో మంచి తొలి పాఠం. అరకు కొండల్లో ఈ పాఠానికి కావాల్సినవి కొన్ని ఉచితంగానే దొరుకుతాయి.

శృంగవరపుకోట దాటి బస్సు ఘాట్‌ ఎక్కడం మొదలెట్టిందంటే ఎఫ్‌ఎం పాట మలుపుకో తీరుగా ఉంటుంది. ఒక మలుపులో వినిపిస్తుంది, ఇంకో మలుపులో బుస్సుమంటుంది. రైల్లో వెళ్లినా అంతే. కొత్తవలస-కిరండూల్‌ లైనులో బండి సొరంగంలోకి దూరగానే ఫోనులో గీతలు మాయమవుతాయి. ఈ కొండల్లో పుట్టి పెరిగిన వాళ్లకు ‘సిగ్నల్‌’ అంటే పుస్తకంలో మాట కాదు. ఏ బండ ఎక్కితే రెండు గీతలొస్తాయో, ఏ చెట్టు కింద నిలబడితే కాల్‌ కట్‌ కాదో వాళ్లకు బాగా తెలుసు.

అందుకే అరకు ఐటీఐలోనో, పాడేరు పాలిటెక్నిక్‌లోనో చదివే కుర్రాళ్లకు రేడియో తరంగాల సంగతి అర్థం కావడం పెద్ద కష్టం కాదు. కష్టమల్లా పరికరాలతోనే. పేరున్న కంపెనీల ఆర్‌ఎఫ్‌ సిగ్నల్‌ జనరేటర్ల ధర లక్షల్లో ఉంటుంది. ‘మన దగ్గర అవి లేవు కదా, మనకెందుకు ఈ రంగం’ అని చాలామంది అక్కడే ఆగిపోతారు.

అక్కడ ఆగాల్సిన పని లేదు. సుమారు వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరికే చిన్న బోర్డుతో మొదలుపెట్టొచ్చు. కాకపోతే దాని డబ్బా మీద ఉన్న అంకెను గుడ్డిగా నమ్మొద్దు, గుడ్డిగా దాటనూ వద్దు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవాలి. నేర్చుకోవాల్సిన పని అదే.

బల్బుతో మొదలైన కథ

సిగ్నల్‌ జనరేటర్‌ పని తేలికే. మనం అడిగిన ఫ్రీక్వెన్సీలో, అడిగినంత బలంతో ఒక తరంగాన్ని పుట్టించి ఇస్తుంది. రేడియో, యాంప్లిఫయర్‌, ఫిల్టర్‌ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే ముందు వాటికి తెలిసిన సిగ్నల్‌ ఒకటి ఇవ్వాలి. ఆ తెలిసిన సిగ్నల్‌ ఇచ్చేదే ఈ పరికరం.

చవక పరికరమని చిన్నచూపు చూసేవాళ్లు 1939 నాటి సంగతి తెలుసుకోవాలి. స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకున్న విలియం హ్యూలెట్‌ తన ఆసిలేటర్‌లో తరంగం ఎత్తు మారకుండా ఉంచడానికి ఒక మామూలు చిన్న బల్బు వాడాడు. సిగ్నల్‌ పెరిగితే ఫిలమెంట్‌ వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది, దాంతో సిగ్నల్‌ మళ్లీ దారికొస్తుంది. ఈ చిట్కాతో హ్యూలెట్‌-ప్యాకార్డ్‌ తొలి ఉత్పత్తి 54.40 డాలర్లకే అమ్మకానికి వచ్చింది. అప్పట్లో పోటీ పరికరాల ధర అంతకు ఎన్నో రెట్లు. ‘ఫాంటాసియా’ సినిమా ధ్వని పనుల కోసం డిస్నీ స్టూడియో ఈ తరహా ఆసిలేటర్లను ఎనిమిది కొన్నది. చవకగా చేసినా, దాని గుణం కొలిచి చూపించారు కాబట్టే కొనేవాళ్లు నమ్మారు.

థింసా వలయంలో గణితం

ఇప్పటి చవక బోర్డుల్లో చాలామంది వాడేది ఏడీ9850 చిప్‌. దీని పద్ధతి పేరు డైరెక్ట్‌ డిజిటల్‌ సింథసిస్‌, పొట్టిగా డీడీఎస్‌. పేరు చూసి బెదరొద్దు. థింసా వలయాన్ని తలచుకోండి చాలు.

వలయం మీద ఒక మనిషి నడుస్తున్నాడు. డప్పు దెబ్బ పడిన ప్రతిసారీ ఒక అడుగు. చిప్‌లో ఆ డప్పే క్లాక్‌, సెకనుకు 12.5 కోట్ల దెబ్బలు, అంటే 125 మెగాహెర్ట్జ్‌. అడుగు ఎంత పొడవుండాలో మనం ఇచ్చే 32 బిట్ల సంఖ్య చెబుతుంది. చిన్న అడుగులైతే వలయం చుట్టి రావడానికి చాలా దెబ్బలు పడతాయి. అది తక్కువ ఫ్రీక్వెన్సీ. పెద్ద అంగలైతే త్వరగా చుట్టేస్తాడు. అది ఎక్కువ ఫ్రీక్వెన్సీ. 32 బిట్లు ఉన్నాయి కాబట్టి 0.0291 హెర్ట్జ్‌ అంత సన్నని తేడాతో కూడా ఫ్రీక్వెన్సీ మార్చుకోవచ్చు.

1 మెగాహెర్ట్జ్‌ అడిగితే వలయానికి 125 అడుగులు. గుండ్రంగా, నున్నగా ఉంటుంది. 40 మెగాహెర్ట్జ్‌ అడిగితే వలయానికి మూడు అడుగులే. సరిగ్గా సగం, అంటే 62.5 మెగాహెర్ట్జ్‌ దగ్గర రెండే అడుగులు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. కుడివైపు తిరుగుతున్నాడా, ఎడమవైపా అన్నది చూసేవాడికి తెలియదు. ఇంకా ముందుకెళ్లి 70 అడిగారనుకోండి, వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అవుట్‌పుట్‌లో 70 కంటే 55 మెగాహెర్ట్జ్‌ తరంగమే బలంగా ఉంటుంది. 125 నుంచి 70 తీసేస్తే 55.

డబ్బా మీద 40 అని రాయడానికి కారణం ఇదే. 40 దాటగానే చిప్‌ చచ్చిపోదు. దాటేకొద్దీ అసలు తరంగానికీ, ‘ఇమేజ్‌’ అనే నీడ తరంగానికీ దూరం తగ్గిపోతుంది. 40 దగ్గర నీడ 85లో ఉంటుంది, ఫిల్టర్‌తో తీసేయొచ్చు. 60కి వెళ్తే నీడ 65లో పక్కనే కూర్చుంటుంది. దాన్ని విడదీయడానికి చవక ఫిల్టర్‌ సరిపోదు.

తొలి పరీక్షకు జేబు రేడియో చాలు

నీడ నిజంగా ఉందో లేదో చూడటానికి స్పెక్ట్రమ్‌ అనలైజర్‌ అక్కర్లేదు. చిన్న ఎఫ్‌ఎం రేడియో చాలు. విశాఖ స్టేషన్లు కొండల చాటున బలహీనపడే చోట డయల్‌ మీద ఖాళీ ఎక్కువ ఉంటుంది. నగరంలో ఉన్నవాళ్లకు లేని సౌకర్యం ఇది.

బోర్డును 30 మెగాహెర్ట్జ్‌కు పెట్టండి. రేడియోను పక్కనే ఉంచి 95కు తిప్పండి. స్టేషన్‌ లేని చోట ఉండే బుస ఒక్కసారిగా తగ్గితే, అక్కడ ఏదో తరంగం ఉందని అర్థం. 125 నుంచి 30 తీసేస్తే 95. లెక్క ప్రకారం ఫిల్టర్‌కు ముందు ఆ నీడ ఎత్తు అసలు తరంగంలో దాదాపు మూడో వంతు.

ఇప్పుడు రేడియోను 90కి తిప్పండి. అక్కడా బుస తగ్గొచ్చు. అది నీడ కాదు, 30కి మూడో హార్మోనిక్‌. రెండింటినీ విడదీసి గుర్తుపట్టడం ఎలా? బోర్డును 31కి మార్చండి. హార్మోనిక్‌ అయితే 93కి ఎగబాకుతుంది. నీడ అయితే 94కి దిగుతుంది. అసలు తరంగం పైకి వెళ్తే నీడ కిందికి వస్తుంది. ఈ ఒక్క చిట్కా చేతికొస్తే, రేపు ఉద్యోగంలో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సిగ్నల్‌ కనిపించినప్పుడు దాని మూలం వెతకడం మొదలుపెట్టగలరు.

కాస్త డబ్బు పెట్టగలిగితే ఆర్‌టీఎల్‌-ఎస్‌డీఆర్‌ డాంగుల్‌ కొనుక్కోండి. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే సుమారు 24 మెగాహెర్ట్జ్‌ నుంచి పైకి ఉన్న తరంగాలను తెర మీద చూపిస్తుంది. జనరేటర్‌ను దానికి నేరుగా కలపొద్దు. మధ్యలో అటెన్యూయేటర్‌ ఉండాలి, లేదంటే డాంగుల్‌ తట్టుకోలేదు.

అబద్ధం చెబుతున్నదెవరు?

తర్వాతి పరీక్ష తరంగం ఎత్తు. డీడీఎస్‌లో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. ఇది లోపం కాదు, గణితం. 125 మెగాహెర్ట్జ్‌ క్లాక్‌తో లెక్క ఇలా వస్తుంది: 10 దగ్గర 99 శాతం, 40 దగ్గర 84 శాతం, 50 దగ్గర 76 శాతం, 62.5 దగ్గర 64 శాతం. బోర్డు మీద ఉన్న ఫిల్టర్‌ దీనికి ఇంకొంత తగ్గింపు కలుపుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. 20 మెగాహెర్ట్జ్‌ ఆసిలోస్కోప్‌తో 40 మెగాహెర్ట్జ్‌ తరంగాన్ని చూస్తారు. సగం కూడా కనిపించదు. ‘చూశారా, చవక జనరేటర్‌ పడిపోయింది’ అంటారు. పడిపోయింది జనరేటర్‌ కాదు, ఆసిలోస్కోప్‌! 20 మెగాహెర్ట్జ్‌ అని రాసి ఉన్న స్కోప్‌ ఆ 20 దగ్గరే అసలు ఎత్తులో 70 శాతం చూపిస్తుంది. 40కి వెళ్తే చాలా స్కోపుల్లో అది సగానికి తక్కువ. కొలిచే పరికరానికీ హద్దు ఉంటుంది. దాన్ని మరిచిపోతే ఒక పరికరం తప్పును ఇంకోదాని మీదికి నెట్టేస్తాం.

దీనికి చవక మందు డయోడ్‌ డిటెక్టర్‌. రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లను సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌ల లోడు. దానికి ఒక షాట్కీ డయోడ్‌, ఒక చిన్న కెపాసిటర్‌ తగిలించి, వచ్చే డీసీ వోల్టేజీని మల్టీమీటర్‌తో చదవండి. ఫ్రీక్వెన్సీ మారుస్తూ ఒకదానితో ఒకటి పోల్చుకుంటే చాలు. సిగ్నల్‌ మరీ చిన్నదైతే డయోడ్‌ మేలుకోదు, రీడింగు తప్పు చెబుతుందని గుర్తుంచుకోండి. 50 ఓమ్‌ల లోడును బోర్డు నేరుగా సరిగా మోయలేదు కాబట్టి మధ్యలో బఫర్‌ యాంప్లిఫయర్‌ పెట్టుకోవాల్సి వస్తుంది. అయితే ఆ యాంప్లిఫయర్‌కూ ఒక హద్దు ఉంటుంది. ముందు దాన్ని కొలవాలి.

ఒకసారికి ఒక్క మార్పే

ఇక అసలు సంగతి, హద్దు దాటడం. ఇందులో పెద్ద నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చకముందు, మార్చాక అదే కొలత తీసుకోవాలి. మూడు మార్పులు కలిపి చేసి ‘బాగైంది’ అంటే, ఏది బాగు చేసిందో మీకే తెలియదు.

ముందు కరెంటు సంగతి చూడండి. చవక అడాప్టర్‌ బదులు బ్యాటరీతో నడిపి తేడా రాసుకోండి. తర్వాత క్లాక్‌. ఆ తర్వాత అవుట్‌పుట్‌ యాంప్లిఫయర్‌. క్లాక్‌ వేగాన్ని హద్దు దాటించడం అన్నిటికన్నా చివర. ఏడీ9850కి 5 వోల్టుల దగ్గర 125 మెగాహెర్ట్జ్‌ వరకు తయారీదారు హామీ ఉంది. 3.3 వోల్టులతో నడిపితే ఆ హామీ 110 దగ్గరే ఆగుతుంది. అంటే వోల్టేజీ మారితే హద్దూ మారుతుంది. 5 వోల్టులు, 125 దగ్గర చిప్‌ సుమారు 380 మిల్లీవాట్లు తింటుంది. క్లాక్‌ను 150కి పెంచితే ఈ ఖర్చు దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, చిప్‌ వేడెక్కుతుంది. అయిదు నిమిషాలు నడిచింది కదా అని సంబరపడొద్దు. రెండు గంటలు నడపండి. ఫ్రీక్వెన్సీ తప్పుతోందా, మధ్యలో బిగుసుకుపోతోందా, కొత్త నీడలు పుడుతున్నాయా అని చూడండి. పాడైపోతే బాధపడని బోర్డు మీదే ఈ ప్రయోగం చేయాలి.

హద్దు దాటి నడపడం నేరమేమీ కాదు. ప్రపంచమంతా వాడుతున్న నానోవీఎన్‌ఏ చూడండి. జపాన్‌ ఇంజినీరు ఒకరు రూపొందించి అందరికీ తెరిచి ఇచ్చిన డిజైన్‌ ఇది. ఇందులో సిగ్నల్‌ పుట్టించే ఎస్‌ఐ5351 చిప్‌కు తయారీదారు చెప్పిన హద్దు 200 మెగాహెర్ట్జ్‌. ఈ పరికరంలో దాన్ని 300 వరకు నడుపుతారు. అంతకు పైన మూడో హార్మోనిక్‌ను వాడుకుని 900కు చేరతారు. ఊరికే ఏమీ రాలేదు. పైకి వెళ్లేకొద్దీ కొలతలో స్పష్టత తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచి బయటికి చెప్పారు కాబట్టే దాన్ని జనం నమ్మి వాడుతున్నారు.

తాళం సంగతి వేరు. కొన్ని పెద్ద పరికరాల్లో హార్డ్‌వేర్‌ ఒక్కటే ఉంటుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీని సాఫ్ట్‌వేర్‌తో మూసి ఉంచుతారు. ఆ తాళం పగలగొడితే వారంటీ పోతుంది, లైసెన్సు షరతు తప్పినట్టవుతుంది. కాలేజీ ల్యాబ్‌ పరికరం మీద అలాంటి పని అసలు చేయొద్దు.

లంబసింగి ఇచ్చే ఉచిత చాంబర్‌

చవక జనరేటర్‌కు అసలు బలహీనత క్లాక్‌ క్రిస్టల్‌. చలికి ఒకలా, ఎండకు ఒకలా మోగుతుంది. దీన్ని పరీక్షించడానికి కంపెనీలు ఖరీదైన ఉష్ణోగ్రత చాంబర్లు కొంటాయి. లంబసింగి, అరకు పరిసరాల్లో డిసెంబరు వస్తే తెల్లవారుజామున వణికించే చలి, మధ్యాహ్నం వెచ్చని ఎండ. ప్రకృతి ఉచితంగా ఇచ్చే చాంబరే కదా!

పోల్చుకోవడానికి నికార్సైన గడియారం కావాలి. అదీ నెత్తి మీదే ఉంది. జీపీఎస్‌ ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి. చవక జీపీఎస్‌ మాడ్యూల్‌ వాటి ఆధారంగా కచ్చితంగా సెకనుకో పల్స్‌ ఇస్తుంది. దీనికి సెల్‌ టవర్‌ అవసరం లేదు, ఆకాశం కనిపిస్తే చాలు. ఫోను పలకని ఊళ్లోనూ పనిచేస్తుంది.

జనరేటర్‌ను 1 మెగాహెర్ట్జ్‌కు పెట్టి, రెండు జీపీఎస్‌ పల్స్‌ల మధ్య ఎన్ని తరంగాలు వచ్చాయో మైక్రోకంట్రోలర్‌తో లెక్కపెట్టండి. 10,00,000 రావాలి. 10,00,012 వస్తే తప్పు 12 పీపీఎం, అంటే పది లక్షలకు 12. ఇదే తప్పు 30 మెగాహెర్ట్జ్‌ దగ్గర 360 హెర్ట్జ్‌ అవుతుంది. థర్మామీటర్‌ పక్కన పెట్టుకుని గంటకోసారి రాసుకోండి. తర్వాత ఉష్ణోగ్రతను సర్దుకునే టీసీఎక్స్‌ఓ క్రిస్టల్‌ వేసి మళ్లీ అదే పట్టిక తీయండి. మంచులో బోర్డు తడవకుండా ప్లాస్టిక్‌ డబ్బాలో ఉంచడం మరిచిపోవద్దు.

ఈ మూడూ దాటొద్దు

ఒకటి, కరెంటు. రెండు పిన్నుల చవక అడాప్టర్లతో నడిచే పరికరాల లోహపు భాగాలకు కొంత వోల్టేజీ పాకుతుంది. కరెంటు తక్కువే ఉన్నా ముట్టుకుంటే చురుక్కుమంటుంది, సున్నితమైన చిప్‌లు కాలిపోతాయి. ఎర్తింగ్‌ సరిగా లేని ఇళ్లలో బ్యాటరీయే మేలు. మెయిన్స్‌ కరెంటుతో నడిచే పెట్టె మూత తీయాల్సి వస్తే ప్లగ్‌ పీకాలి, పక్కన మాస్టారు ఉండాలి.

రెండు, యాంటెన్నా. జనరేటర్‌ అవుట్‌పుట్‌ లోడులోకే వెళ్లాలి, గాలిలోకి కాదు. ఎఫ్‌ఎం బ్యాండ్‌ 108 దగ్గర ముగియగానే విమానాలు వాడే బ్యాండ్‌ మొదలవుతుంది. మీ బోర్డు నీడ ఎక్కడ పడుతుందో మీకే పూర్తిగా తెలియనప్పుడు దానికి యాంటెన్నా తగిలించడం ప్రమాదం.

మూడు, చట్టం. లైసెన్సు లేకుండా ప్రసారం చేయకూడదు. చేయాలనిపిస్తే అమెచ్యూర్‌ రేడియో పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండితే అర్హత ఉంటుంది, రిస్ట్రిక్టెడ్‌ గ్రేడుకు మోర్స్‌ కోడ్‌ అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖ తీరాన్ని తాకి ఫోన్లు మూగబోయినప్పుడు కబుర్లు చేరవేయడానికి ముందుకొచ్చింది ఈ హ్యామ్‌ ఆపరేటర్లే. హైదరాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ అమెచ్యూర్‌ రేడియో ఈ రంగంలో శిక్షణ ఇస్తుంది.

ఉద్యోగం ఎక్కడ?

2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 4జీ టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. టవర్‌ నిలబెట్టడం ఒక రోజు పని, దాన్ని నడిపించడం ఏళ్ల తరబడి పని. కొండ దారి తెలిసిన, సిగ్నల్‌ కొలవడం వచ్చిన టెక్నీషియన్‌ అవసరం ఇక్కడే ఉంటుంది.

కొండ దిగితే విశాఖలో సమీర్‌ కేంద్రం ఉంది. ఎలక్ట్రానిక్‌ పరికరాలు ఒకదానికొకటి అడ్డు తగలకుండా ఉన్నాయో లేదో పరీక్షించే పని అక్కడ జరుగుతుంది. మెడ్‌టెక్‌ జోన్‌లో వైద్య పరికరాల పరీక్షలు, నౌకాదళ సంస్థల్లో అప్రెంటిస్‌షిప్‌లు, రైల్వేలో సిగ్నల్‌-టెలికాం విభాగం, హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌, డీఆర్‌డీవో ల్యాబ్‌లు, కాలిబ్రేషన్‌ ల్యాబ్‌లు ఉన్నాయి. వీటిలో చాలా చోట్ల రోజువారీ పని ఇదే: తెలిసిన సిగ్నల్‌ ఇవ్వడం, వచ్చింది కొలవడం, తేడా రాయడం.

దారి కూడా తెలిసిందే. పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్స్‌ మెకానిక్‌ ట్రేడ్‌, లేదా పాలిసెట్‌ రాసి మూడేళ్ల ఈసీఈ డిప్లొమా. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో నేరుగా బీటెక్‌ రెండో ఏడాదిలో చేరొచ్చు.

ఇంటర్వ్యూలో ‘సిగ్నల్‌ జనరేటర్‌ తెలుసా?’ అని అడిగితే అందరూ తెలుసనే అంటారు. మీరు మాత్రం నోట్‌బుక్‌ తెరిచి చూపించండి. ఏ తేదీన, ఎంత చలిలో, ఎన్ని వోల్టుల దగ్గర, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వచ్చింది, ఎక్కడ తప్పింది, తప్పింది బోర్డా లేక కొలిచిన పరికరమా అన్నవన్నీ అందులో ఉండాలి. డబ్బా మీద అంకె వరకు పూచీ కంపెనీది. దాన్ని దాటాక పూచీ మీది. ఆ పూచీకి సాక్ష్యం మీరు రాసుకున్న పట్టికే. రూళ్ల నోట్‌బుక్‌ ఒకటి కొనండి, మొదటి పేజీలో ఇవాళ్టి తేదీ వేయండి.